విక్టోరియాలో రెండో ఇల్లు: భూమి మీద మన నమ్మకం అక్కడ ఎంతవరకు చెల్లుతుంది?

ప్రశ్న: సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌లో ఉంటున్నాం. ఇద్దరికీ పౌరసత్వం వచ్చింది, సొంత ఇల్లు ఉంది. దాని మీద ఉన్న ఈక్విటీతో (ఇంటి విలువలో అప్పు పోను మిగిలే మా వాటా) ఆరున్నర లక్షల డాలర్లలో ఒక ఇల్లు అద్దెకివ్వడానికి కొనాలనుకుంటున్నాం. సిడ్నీలో ఆ డబ్బుకి మాకు నచ్చేవి దొరకట్లేదు కాబట్టి విక్టోరియా చూస్తున్నాం. మెల్‌బోర్న్ స్నేహితులు టార్నీట్ అంటున్నారు. ఒక సెమినార్‌లో రెండేళ్ల రెంటల్ గ్యారంటీతో హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీ ఇస్తామన్నారు. ఇంకొకరు మోర్వెల్‌లో పెట్టిన డబ్బుకి అద్దె బాగా గిట్టుతుందంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది సగం పెడతానంటున్నాడు. ఆ రాష్ట్రం మాకు బొత్తిగా తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: సెమినార్ వాళ్ల కాగితం మీద సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకండి. ముందు ఒక లెక్క చూద్దాం. అది మీ సిడ్నీ లెక్కలా ఉండదు.

న్యూ సౌత్ వేల్స్‌లో ల్యాండ్ ట్యాక్స్ 10,75,000 డాలర్ల భూమి విలువ దాటితేనే మొదలవుతుంది. సొంతింటికి మినహాయింపు ఉంటుంది కాబట్టి మీరు ఆ పన్ను ముఖం చూసి ఉండరు. విక్టోరియాలో 2024 నుంచి ఆ హద్దును 3 లక్షల నుంచి 50 వేలకు దించారు. కోవిడ్ అప్పు తీర్చడానికని, పదేళ్లపాటు. భూమి విలువ 50 వేల నుంచి లక్ష లోపైతే ఏడాదికి 500 డాలర్లు, లక్ష నుంచి 3 లక్షల లోపైతే 975. 3 నుంచి 6 లక్షల మధ్య 1,350తో పాటు 3 లక్షలు దాటిన దాని మీద 0.3 శాతం. అంటే 3.5 లక్షల విలువైన స్థలంలో ఉన్న ఇంటికి ఏటా 1,500. ఇల్లు ఎంత పాతదో, అద్దె ఎంత వస్తోందో ఈ పన్నుకి పట్టదు. చూసేది నేల విలువ ఒక్కటే. ఆ రాష్ట్రంలో మీ పేరున ఉన్న స్థలాలన్నీ కలిపి లెక్క కడతారు. ట్రస్ట్ పేరు మీద కొంటే హద్దు 25 వేలకు పడిపోతుంది, రేటు కూడా ఎక్కువ. ఎవరో చెప్పారని ట్రస్ట్ పెట్టేముందు అకౌంటెంట్‌ని ఈ ఒక్క ముక్క అడగండి.

మనవాళ్లలో చాలామందికి ఇక్కడే కాలు జారుతుంది. ఇల్లు పాతబడుతుంది, భూమి పెరుగుతుంది, కాబట్టి వీలైనంత పెద్ద స్థలం చూడు అనేది మనకి ఉగ్గుపాలతో వచ్చిన సూత్రం. కొత్త స్థలం దొరకని చోట అది నిజమే. పక్కనే ఇంకో వెయ్యి ప్లాట్లు వేయడానికి వీలున్న చోట మాత్రం ఆ సూత్రం పనిచేయదు, పైగా ఆ భూమికి ఏటా పన్ను కట్టాలి. ప్లాట్ కొని పడేసే అలవాటుకీ అక్కడ విరుగుడు వేశారు. మెల్‌బోర్న్ మహానగర పరిధిలో ఇల్లు కట్టకుండా ఐదేళ్లు పైబడి వదిలేసిన నివాస స్థలాలకి 2026 నుంచి వేకెంట్ రెసిడెన్షియల్ ల్యాండ్ ట్యాక్స్ పడుతోంది. కట్టిన ఇల్లు ఏడాదిలో ఆరు నెలలకు మించి ఖాళీగా ఉన్నా ఇదే పన్ను, 2025 నుంచి రాష్ట్రమంతటా. మొదటి ఏడు మొత్తం ఆస్తి విలువ మీద 1 శాతం, వరసగా రెండో ఏడూ ఖాళీగా ఉంటే 2, మూడో ఏడు 3.

ఇక స్టాంప్ డ్యూటీ. 1.3 లక్షల నుంచి 9.6 లక్షల మధ్య ధరకి 2,870తో పాటు 1.3 లక్షలు దాటిన మొత్తం మీద 6 శాతం. మీ 6.5 లక్షలకి అది 34,070. ఇరవై శాతం డౌన్ పేమెంట్ 1,30,000, రిజిస్ట్రేషన్, కన్వేయన్సర్ (కొనుగోలు కాగితాలు చూసే నిపుణుడు), ఇన్‌స్పెక్షన్ ఖర్చులు కలిపితే తాళం చేతికి వచ్చేసరికి సుమారు 1,68,000 బయటికి వెళ్తుంది.

ఏడాది నడక ఎలా ఉంటుందో చూడండి. ఈ అంకెలు లెక్క చూపించడానికి అనుకున్నవి, మీ బ్యాంకు, మీ ఏజెంటు ఇచ్చినవి వేసుకుని మళ్లీ కట్టండి. అప్పు 5,20,000, వడ్డీ 6 శాతం, అసలు కట్టకుండా వడ్డీ మాత్రమే అయితే 31,200. అద్దె వారానికి 500, రెండు వారాలు ఖాళీ అనుకుంటే 25,000. ఖర్చులు: ప్రాపర్టీ మేనేజర్‌కి 6 శాతం అంటే 1,500, కౌన్సిల్ రేట్లు 2,000, నీటి సర్వీస్ చార్జీలు 800 (విడి మీటరుంటే వాడకం బిల్లు అద్దెకున్నవాళ్లది), ల్యాండ్‌లార్డ్ ఇన్సూరెన్స్ 1,600, ల్యాండ్ ట్యాక్స్ 1,500, గ్యాస్, కరెంటు భద్రతా పరీక్షలకి 400, రిపేర్లకి 2,000. మొత్తం 9,800. చేతిలో మిగిలేది 15,200, వడ్డీకి తగ్గింది 16,000. అంటే వారానికి 300 పైచిలుకు మీ జీతంలోంచి వెళ్లాలి. పైన చెప్పిన 1,68,000 కూడా సొంతింటి మీద అప్పు తెచ్చినదైతే దాని వడ్డీ దీనికి అదనం. పన్నులో ఏమైనా వెనక్కి వస్తే సంతోషమే, కానీ కేంద్ర బడ్జెట్ మారితే అదీ మారుతుంది. అది లేకుండానే ఈ 16,000 ఐదేళ్లు మోయగలరా అన్నది చూసుకోండి.

ఇప్పుడు ప్రాంతాలు.

మెల్‌బోర్న్ పడమర వైపు విండమ్, మెల్టన్ కౌన్సిళ్లు. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, మేనర్ లేక్స్, రాక్‌బ్యాంక్ అన్నీ ఈ వైపే. రాక్‌బ్యాంక్‌లో దుర్గ గుడి ఉంది, తెలుగు మాట వీధిలో వినిపిస్తుంది. ఉండటానికి ఇవన్నీ మంచి కారణాలే, అద్దెకివ్వడానికి కొనాలంటే చాలవు. ఒక ఎస్టేట్‌లో ఒక స్టేజ్ పూర్తయ్యిందంటే ఒకే నెలలో ఒకే నమూనా నాలుగు బెడ్‌రూముల ఇళ్లు పదుల సంఖ్యలో అద్దెకి వస్తాయి. అన్నిటిదీ ఒకే వంటగది, ఒకే గ్యారేజ్. మీరు వారానికి పది డాలర్లు తగ్గిస్తే పక్కాయన పదిహేను తగ్గిస్తాడు. అమ్మేటప్పుడూ అంతే, మీ ఏడేళ్ల ఇల్లు రోడ్డవతల కొత్త ప్యాకేజీతో పోటీపడాలి.

రైలు సంగతి. టార్నీట్, విండమ్ వేల్ స్టేషన్లు 2015లో రీజనల్ రైల్ లింక్‌తో వచ్చాయి. అక్కడ నడిచేది వీ/లైన్ అనే దూరపు ఊళ్ల డీజిల్ రైలు, మెట్రో ఎలక్ట్రిక్ రైలు కాదు. మెల్టన్, విండమ్ వేల్ వరకు విద్యుదీకరణ 2018లో ఇచ్చిన మాట. అది నమ్మి కొన్నవాళ్లు అప్పటి నుంచి వడ్డీ కడుతూనే ఉన్నారు. మన దగ్గర రీజనల్ రింగ్ రోడ్డు అలైన్‌మెంట్ మ్యాపు పట్టుకుని ప్లాట్లు అమ్మడం మీరు చూసే ఉంటారు, ఇదీ ఆ బాపతే. జీలాంగ్ ఫాస్ట్ రైల్‌కి కేంద్రం 2023లో డబ్బు వెనక్కి తీసుకుంది. 2026 కామన్వెల్త్ క్రీడలు జీలాంగ్, బల్లారట్, బెండిగో, షెపర్టన్, గిప్స్‌లాండ్‌లో జరుపుతామని 2022లో ప్రకటించి 2023 జులైలో రద్దు చేశారు. పట్టాలు వేసి రైలు నడిచాకే దానికి ధర కట్టండి.

పడమర నేల గురించి కూడా తెలియాలి. అది అగ్నిపర్వతపు బసాల్ట్ మైదానం, పైన నల్లరేగడిలాంటి బంకమన్ను. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. కాంక్రీట్ స్లాబ్ అంచులు ఒకలా, మధ్య ఒకలా కదిలితే గోడలు పగులుతాయి, తలుపులు పట్టేస్తాయి. డౌన్‌పైపు కారడం, స్లాబ్‌ని ఆనుకుని పూలమడి పెట్టి నీళ్లు పోయడం, గోడ దగ్గర పెద్ద చెట్టు, ఈ మూడూ దాన్ని ముదరబెడతాయి. సాయిల్ రిపోర్టులో హెచ్1, హెచ్2, ఇ అని ఉంటే కదిలే నేల, ఆ వరసలో ఎక్కువవుతుంది. పి అంటే సమస్యాత్మక స్థలం. పాత ఇల్లైతే ఇన్‌స్పెక్టర్‌ని పగుళ్లు కొలిచి రాయమనండి. వెంట్రుకవాసి గీతలు మామూలే. 5 మిల్లీమీటర్లు దాటితే స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా ముందుకెళ్లొద్దు.

అదే మెల్‌బోర్న్‌లో మీ బడ్జెట్‌కి నేనైతే ముందు చూసేది మధ్య వలయం: గ్లెన్‌రాయ్, రెజర్వాయర్, సెయింట్ ఆల్బన్స్, నోబుల్ పార్క్ లాంటి చోట్ల 1960, 70లలో కట్టిన ఇటుక యూనిట్లు. ఒకే అంతస్తు, ఒక ఆవరణలో నాలుగు నుంచి ఎనిమిది, లిఫ్టు లేదు, ఈత కొలను లేదు, కాబట్టి ఓనర్స్ కార్పొరేషన్ (ఆ ఆవరణ యజమానుల సంఘం) ఫీజు తక్కువ. రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. నేల వాటా చిన్నది కాబట్టి ల్యాండ్ ట్యాక్స్ చాలాసార్లు 975 దగ్గర ఆగుతుంది. అయినా ఆ నేల కొత్తగా పుట్టేది కాదు. చూడ్డానికి ముచ్చటగా ఉండవు, ఇంట్లోవాళ్లకి ఫొటోలు పంపితే పెదవి విరుస్తారు. సిటీలోని ఆకాశహర్మ్యాల్లో అపార్ట్‌మెంట్ మాత్రం వద్దంటాను. 50 చదరపు మీటర్ల లోపు ఫ్లాట్లకి చాలా బ్యాంకులు డిపాజిట్ ఎక్కువ అడుగుతాయి. 2014లో డాక్‌లాండ్స్‌లోని లాక్రోస్ భవనం మంటల తర్వాత బయటపడిన మండే క్లాడింగ్ (గోడల బయట అతికించే పలకలు) సమస్యకి ఓనర్లు ఎన్నేళ్లు చుట్టూ తిరిగారో ఓనర్స్ కార్పొరేషన్ మినిట్స్ చదివితే తెలుస్తుంది.

జీలాంగ్ మెల్‌బోర్న్‌కి 75 కిలోమీటర్లు, రైల్లో గంట. 2016 అక్టోబరులో ఫోర్డ్ కర్మాగారం మూతపడ్డాక ఊరు పడిపోతుందన్నారు. పడలేదు, ఎందుకంటే అప్పటికే రవాణా ప్రమాద కమిషన్, డిజబిలిటీ ఇన్సూరెన్స్ ఏజెన్సీ లాంటి ప్రభుత్వ కార్యాలయాలు అక్కడికి చేరాయి, తర్వాత వర్క్‌సేఫ్ కూడా వచ్చింది. ఆసుపత్రి, యూనివర్సిటీ ఎలాగూ ఉన్నాయి. ఒక ఊళ్లో అద్దెకుండేవాళ్ల జీతం ఎన్ని వేర్వేరు చోట్ల నుంచి వస్తోందో చూడటం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. పాత జీలాంగ్ వేరు, దక్షిణాన ఆర్మ్‌స్ట్రాంగ్ క్రీక్ వేరు. రెండోది టార్నీట్ కథే, సముద్రానికి దగ్గరగా.

బల్లారట్, బెండిగో బంగారు గనుల ఊళ్లు. ఆసుపత్రులు, కాలేజీలు, బెండిగోలో బ్యాంకు ప్రధాన కార్యాలయం, జీతాలకి ఆధారాలు బాగానే ఉన్నాయి. 2023 మార్చి 31 నుంచి వీ/లైన్ రోజువారీ చార్జీని మెల్‌బోర్న్ చార్జీకి సమానం చేశారు, దాంతో వారానికి రెండు రోజులు ఆఫీసుకెళ్లేవాళ్లకి బల్లారట్ అందుబాటులోకొచ్చింది. ఇక్కడ ప్రత్యేకంగా చూడాల్సినవి రెండు: స్థలం కింద పాత గని గుంత ఉందా, మట్టిలో గని తవ్విపోసిన శేషం, దాంతోపాటు ఆర్సెనిక్ ఉందా. బల్లారట్ చలి ఎముకలు కొరికేది, హీటరు సరిగా లేని ఇల్లు జూన్‌లో ఖాళీ అయితే జూన్‌లో నిండదు.

మోర్వెల్. లాట్రోబ్ లోయ మొత్తం బ్రౌన్ కోల్ మీద బతికింది. హేజిల్‌వుడ్ పవర్ స్టేషన్ 2017 మార్చిలో మూతపడింది. యాలోర్న్‌కి 2028, లాయ్ యాంగ్ ఎ కి 2035 గడువు చెప్పారు. సహజ అడవుల్లో కలప నరకడం 2024 జనవరి 1 నుంచి ఆపేశారు. ధరతో పోలిస్తే అద్దె ఎక్కువ కనిపించడానికి కారణం అద్దె గొప్పగా ఉండటం కాదు, ధర తక్కువగా ఉండటం. గిప్స్‌లాండ్ తీరాన్ని 2022 డిసెంబరులో సముద్రపు గాలిమరల జోన్‌గా ప్రకటించారు, కానీ జోన్ ప్రకటన అద్దె కట్టదు. అదే లోయలో ట్రారల్గన్ కాస్త నయం, ఆసుపత్రి, ఆఫీసులు అటే ఉన్నాయి.

షెపర్టన్ పండ్ల తోటల, క్యానరీల ఊరు. 2022 అక్టోబరు వరదలో మునిగిన వీధులున్నాయి, రోచెస్టర్, ఎచూకా, మెల్‌బోర్న్‌లో మరిబిర్నాంగ్ నది ఒడ్డుకూడా అంతే. ఆ వీధుల్లో ధర చవకగా ఉంటే ఇన్సూరెన్స్ కొటేషన్ తీసుకున్నాకే చవకా కాదా తేల్చండి. మిల్డూరా 540 కిలోమీటర్లు, ద్రాక్ష, బాదం, కాలువ నీళ్లు. వ్యవసాయం బాగుంటే ఊరు బాగుంటుంది. దూరం నుంచి చూసుకోవడానికి నేను చెప్పను.

వడోంగా దగ్గర ఒక విషయం మీకు ప్రత్యేకంగా పనికొస్తుంది. మర్రే నదికి ఇవతల వడోంగా, విక్టోరియా. వంతెన దాటితే ఆల్బరీ, మీ న్యూ సౌత్ వేల్స్. సైన్యం, ఆసుపత్రి, రవాణా ఉద్యోగాలు రెండు ఊళ్లకీ ఉమ్మడి. కానీ ఆల్బరీలో 3.5 లక్షల స్థలానికి మీ మొత్తం భూమి హద్దు లోపే ఉంటే ల్యాండ్ ట్యాక్స్ సున్నా, స్టాంప్ డ్యూటీ కూడా దాదాపు పది వేలు తక్కువ. వడోంగా చూడ్డానికి వెళ్తే నది అవతల కూడా ఒక పూట తిరగండి.

ఇక ఆ ప్యాకేజీ. అందులో రెండు ఒప్పందాలుంటాయి, భూమికి ఒకటి, కట్టడానికి ఒకటి. స్టాంప్ డ్యూటీ భూమి ధర మీదే పడుతుంది, ఆ లాభం నిజమే. రెంటల్ గ్యారంటీ డబ్బు మాత్రం ఎక్కడి నుంచో రాదు, ధరలో ముందే కలిపి మీకే వాయిదాల్లో తిరిగిస్తారు. సెమినార్ పెట్టినవాళ్ల కమిషన్ కూడా అందులోనే. ఇది బయటపడేది బ్యాంకు వాల్యుయేషన్ రోజు: ఒప్పందం 6.5 లక్షలు, బ్యాంకు కట్టిన విలువ 6.1 లక్షలు అయితే 80 శాతం అప్పు చిన్నదాని మీదే ఇస్తారు, తేడా మీరు తేవాలి. భూమికి టైటిల్ (హక్కు పత్రం) ఇంకా రాకపోతే ఆలస్యంలో లోన్ అప్రూవల్ గడువు దాటిపోతుంది.

కట్టే ఒప్పందంలో డిపాజిట్ 5 శాతానికి మించి తీసుకోకూడదు. ఆ తర్వాత బేస్‌కి (పునాది) 10, ఫ్రేమ్‌కి (చట్రం) 15, లాకప్‌కి (బయటి గోడలు, తలుపులు, కిటికీలు పెట్టాక) 35, ఫిక్సింగ్‌కి (లోపలి బిగింపులు) 25, పూర్తయ్యాక మిగతాది. సాయిల్ టెస్ట్ ఒప్పందానికి ముందే బిల్డర్ చేయించాలి. రాయి తవ్వకం ఖర్చు ప్రొవిజనల్ సమ్ (తర్వాత మారే అంచనా మొత్తం) అని వదిలేశారంటే మీరు ఖాళీ చెక్కు ఇచ్చినట్టే, దాని మీద అంకె వాళ్లే రాసుకుంటారన్నమాట. 16,000 డాలర్లు దాటిన పనికి డొమెస్టిక్ బిల్డింగ్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పోర్టర్ డేవిస్ 2023 మార్చి 31న కూలినప్పుడు చాలామంది డిపాజిట్ కట్టేసి ఉన్నారు, వాళ్ల పేరున ఆ ఇన్సూరెన్స్ తీసుకోలేదని అప్పుడు తెలిసింది. మీ పేరు, మీ చిరునామాతో సర్టిఫికెట్ చేతికొచ్చాకే డిపాజిట్ పంపండి.

పాత ఇల్లైనా యూనిట్ అయినా సంతకానికి ముందు సెక్షన్ 32 స్టేట్‌మెంట్ (అమ్మేవాళ్లు ఆస్తి వివరాలు వెల్లడించే పత్రం) కన్వేయన్సర్‌కి చూపించండి. మీరు కూడా విక్‌ప్లాన్ వెబ్‌సైట్‌లో చిరునామా కొట్టి ప్రాపర్టీ రిపోర్ట్ తీసుకోండి, ఉచితం. వరద, బుష్‌ఫైర్, హెరిటేజ్, పబ్లిక్ ఎక్విజిషన్ ఓవర్‌లేలు (ఆ స్థలానికి ఉన్న అదనపు ప్లానింగ్ నిబంధనలు) అందులో కనబడతాయి. చివరిదుంటే ఎప్పుడో రోడ్డుకి తీసుకుంటారని అర్థం. ప్రైవేట్ సేల్‌లో సంతకం పెట్టాక మూడు పూర్తి పని దినాల్లో వెనక్కి తగ్గొచ్చు, ధరలో 0.2 శాతం, మీ విషయంలో 1,300 వదులుకోవాలి. వేలంలో ఆ వీలు లేదు, వేలానికి ముందూ వెనకా మూడు పని దినాల్లో కొన్నా లేదు. కాబట్టి వేలానికి వెళ్తే లోన్, ఇన్‌స్పెక్షన్ రెండూ ముందే అయిపోవాలి.

అద్దె చట్టం సిడ్నీ కంటే గట్టిది అనుకునే దిగండి. మెయిన్ హాల్లో బిగించిన హీటరు, స్విచ్‌బోర్డులో సర్క్యూట్ బ్రేకర్లు, సేఫ్టీ స్విచ్‌లు లేకుండా ఇల్లు అద్దెకివ్వకూడదు. గ్యాస్, కరెంటు పరీక్షలు రెండేళ్లకోసారి, స్మోక్ అలారం ఏటా. అద్దె పెంచేది ఏడాదికోసారే, 2025 నవంబరు 25 నుంచి 90 రోజుల నోటీసుతో. కారణం చెప్పకుండా ఖాళీ చేయించడం కూడా అదే రోజు నుంచి కుదరదు. నేను చెప్పిన పాత ఇటుక యూనిట్లలో స్విచ్‌బోర్డు మార్పుకి, హీటరుకి కొంత డబ్బు విడిగా పెట్టుకోవాలి. చూసి రావడానికి సిడ్నీ నుంచి వెళ్లొచ్చే విమానం ఖర్చు 2017 జులై నుంచి పన్నులో చూపించలేరు.

మీ బావమరిది సంగతి. ఆయన పేరు టైటిల్ మీద ఉంటే చట్టం దృష్టిలో విదేశీ కొనుగోలుదారు. పాత ఇళ్లు విదేశీయులు కొనకుండా కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధం పెట్టింది, మొదట ప్రకటించిన గడువు 2027 మార్చి 31. కొత్త ఇల్లే కొన్నా విదేశీ పెట్టుబడి అనుమతి కావాలి, ఆ ఫీజే పద్నాలుగు వేల పైన. 6.5 లక్షల కొత్త టౌన్‌హౌస్‌లో ఆయనది సగం వాటా అయితే ఆ సగం మీద అదనంగా 8 శాతం స్టాంప్ డ్యూటీ, 26,000. ఆస్ట్రేలియాలో నివసించరు కాబట్టి ఆయన వాటా భూమి మీద ఏటా 4 శాతం ఆబ్సెంటీ ఓనర్ సర్‌చార్జ్. స్థలం విలువ 3.5 లక్షలైతే అది 7,000. అటు ఇండియాలో ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల అమెరికన్ డాలర్లే పంపగలరు, పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) ముందే పట్టుకుంటారు. పేరు పెట్టకుండా మాట మీద వాటా అనుకోవడం ఇంకా ప్రమాదం. లోపాయికారీ వాటా కూడా విదేశీయుడి వాటా కిందికే వస్తుంది, బ్యాంకుకి అబద్ధం చెప్పినట్టూ అవుతుంది. చుట్టరికం నిలవాలంటే ఈ ఇంటిదాకా ఆయన్ని బయటే ఉంచండి.

ఇంకొక్కటి, తేదీ. ల్యాండ్ ట్యాక్స్ డిసెంబర్ 31 అర్ధరాత్రికి ఎవరు ఓనరో వాళ్లకే, వచ్చే ఏడాది మొత్తానికి పడుతుంది. 2024 నుంచి కోటి డాలర్ల లోపు అమ్మకాల్లో అమ్మేవాళ్లు ఆ పన్నుని కొనేవాళ్ల మీదికి నెట్టకూడదు. మీ కొనుగోలు ఏడాది చివర్లో తేలేలా ఉంటే సెటిల్‌మెంట్ (పూర్తి డబ్బు కట్టి ఇల్లు మీ పేరున మారే రోజు) జనవరి రెండో వారానికి రాయించమని కన్వేయన్సర్‌కి చెప్పండి. ఆ ఏటి పన్ను అమ్మినవాళ్లదే అవుతుంది.